ఆ ఫోటో ఎలా తీశారో కూడా ఒక ముక్క రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో అడవి జంతువుల ఫోటోలకు రెండు పేజీలు కేటాయించారు. పెద్ద సైజులో, మంచి రంగుల్లో వేశారు. జంతువులకు ఇంత చోటిచ్చే పత్రికలు తక్కువ. అందుకు ముందుగా ధన్యవాదాలు. కానీ ఆ పేజీలు చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. కాస్త పొడవైన ఉత్తరమే. అచ్చులో కుదించుకున్నా ఫర్వాలేదు, మీరు మాత్రం పూర్తిగా చదవండి.

నేను వైల్డ్‌లైఫ్ కెమెరా పని చేస్తాను. నేల మీదా, నీళ్లలోనూ షూట్ చేస్తాను. ఏడాదిలో ఎక్కువ రోజులు ఏదో ఒక దేశంలో, గుడారంలోనో పడవ మీదో గడుస్తాయి. నేను తీసినవి డాక్యుమెంటరీల్లో నిమిషమో, అర నిమిషమో వస్తుంటాయి. ఈ పని తప్ప నాకు ఇంకో పని రాదు, వద్దు కూడా. అందుకే ఈ పని మీద జనానికి ఉన్న నమ్మకం పోతుంటే చూస్తూ ఊరుకోలేను.

మీరు వేసిన ఫోటోల్లో ఒకటి, ఆకును గొడుగులా పట్టుకుని వానలో నిలబడిన చెట్టుకప్పది. ఇంకొకటి మంచుకొండ ఎక్కుతున్న ఎలుగుబంటి పిల్లది. మొదటి దాని కింద ‘ప్రకృతి వింత’ అని, రెండో దాని కింద ‘పట్టుదలకు మారుపేరు’ అని రాశారు. రెండూ చూడముచ్చటగానే ఉన్నాయి. రెండింటి వెనకా ఉన్న సంగతి మాత్రం మీ పాఠకులకు తెలియలేదు.

నేను అడిగేది ఒక్కటే. జంతువు ఫోటో వేసినప్పుడల్లా, తీసినవాళ్ల పేరు పక్కనే, ఎలా తీశారో ఒక్క లైను కలపండి. ఆ జంతువు స్వేచ్ఛగా తిరిగేదా, బోనులో పెంచిందా, ఎర వేశారా, డ్రోన్‌తో తీశారా, చేత్తో కదిలించారా. అంతే. ఆ లైను ఎందుకు కావాలో చెప్పడానికే మిగతా ఉత్తరమంతా.

ముందు కప్ప సంగతి. ఇలాంటి ఫోటోలు కొన్నేళ్లుగా ఎక్కువగా ఇండోనేసియా నుంచి వస్తున్నాయి. కప్ప కొమ్ముపురుగు మీద స్వారీ చేస్తుంది, నత్త మీద కూర్చుంటుంది, నోరు తెరిచి నవ్వుతుంది. ప్రపంచంలో పెద్ద పెద్ద పత్రికలే వీటిని అచ్చేశాయి. చెట్టుకప్పలు చాలావరకు రాత్రిపూట తిరిగే జీవాలు. పగలు కాళ్లు ముడుచుకుని, ఆకుకు అతుక్కుని, కళ్లు మూసుకుని పడుంటాయి. పట్టపగటి వెలుతురులో నిటారుగా నిలబడి ఆకు కాడ పట్టుకోవడం వాటికి సహజమైన పని కాదు. నోరు బార్లా తెరిచిందంటే అది నవ్వు కాదు, చాలాసార్లు అవస్థలో ఉందని అర్థం. ఇలాంటివి సన్నటి దారాలతో కట్టో, ముందు చల్లబరిచి కదలకుండా చేసో తీసినవై ఉంటాయని కప్పల గురించి తెలిసినవాళ్లు చాలామంది అనుమానం వెలిబుచ్చారు. మీరు వేసిన ఫోటో కూడా అలా తీసిందే అని నేను అనను, నాకు రుజువు లేదు. ఎలా తీశారని ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది అంటున్నాను.

మీరు వేసిన ఎలుగుబంటి పిల్ల ఫోటో ఒక వీడియోలోది. ఆ వీడియో వచ్చి చాలా ఏళ్లయింది. రష్యాలోని మగదాన్ ప్రాంతంలో డ్రోన్‌తో తీసింది, 2018 నవంబరులో ప్రపంచమంతా చుట్టేసింది. తల్లి ఎలుగు నిటారైన మంచు వాలు దాటి పైకి చేరుతుంది. వెనకే పిల్ల ఎక్కుతూ జారుతుంది, మళ్లీ ఎక్కుతుంది, మళ్లీ జారుతుంది. చివరికి తల్లి దగ్గరికి చేరుతుంది. మా మేనల్లుడు అప్పట్లో నాకు దాన్ని వాట్సాప్‌లో పంపి, ‘అత్తా, ఇది చూస్తే నీకు కన్నీళ్లొస్తాయి’ అన్నాడు. నిజంగానే వచ్చాయి. వాడనుకున్న కారణానికి కాదు.

ఆ వీడియోను ధ్వని తీసేసి, తల్లిని మాత్రమే చూస్తూ ఒకసారి చూడండి. తల్లి పదే పదే కెమెరా వైపు తలెత్తుతుంది. పిల్ల దాదాపు పైకి వచ్చేసిన క్షణంలో డ్రోన్ ఇంకా దగ్గరికి వెళ్తుంది, చిత్రం పెద్దదవుతుంది. తల్లి పంజా విసురుతుంది. పిల్ల ఉన్నపళంగా చాలా దూరం కిందికి జారిపోతుంది. పిల్లలున్న ఎలుగు మామూలుగా అయితే అంత ప్రమాదకరమైన వాలు మీదుగా ఎందుకు వెళ్తుంది, ఆ యంత్రానికి భయపడే వెళ్లి ఉంటుందని జంతు శాస్త్రవేత్తలు అప్పుడే చెప్పారు. ఆ మాట వీడియో వెళ్లినంత దూరం వెళ్లలేదు. స్కూళ్లలో, ఆఫీసుల్లో పట్టుదల పాఠంగా చూపించారు. ఇన్నేళ్ల తర్వాత మీ పేజీలోకి కూడా అదే పాఠంగా వచ్చింది.

జంతువు పారిపోకపోతే దానికి ఇబ్బంది లేదనుకుంటారు చాలామంది. అది నిజం కాదు. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్లకు గుండె కొట్టుకునే వేగాన్ని కొలిచే పరికరాలు అమర్చి, పై నుంచి డ్రోన్లు ఎగరేసి చూశారు. ఆ ఫలితాలు 2015లో వచ్చాయి. ఎలుగులు చాలావరకు ఉన్నచోటే ఉన్నాయి, పరుగెత్తలేదు. గుండెలు మాత్రం దడదడలాడాయి. ఒక ఎలుగుకైతే గుండె వేగం మామూలు కన్నా నిమిషానికి 120కి పైగా పెరిగింది. డ్రోన్ కంట్రోలర్ పట్టుకున్న మనిషికి స్క్రీన్ మీద కనిపించేది ప్రశాంతంగా మేస్తున్న జంతువే. డ్రోన్ వద్దని కాదు, మేమూ వాడతాం. చాలా ఎత్తున ఉంచి, జంతువు తల ఎత్తిందంటే వెనక్కి తీసుకొచ్చేస్తాం. మంద ఎంత పెద్దదో, నది ఎటు తిరిగిందో చూపించడానికి డ్రోన్‌ను మించింది లేదు. ముఖం మీదికి పోవడానికి అది పనికిరాదు.

నేల మీద మా పనికి ఒక గొప్ప వెసులుబాటు ఉంది. అది లెన్సు. 50 నుంచి 1000 మిల్లీమీటర్ల దాకా వెళ్లే జూమ్ లెన్సులు ఇప్పుడు మా రంగంలో మామూలైపోయాయి. జీపు కిటికీ మీద గింజలు నింపిన చిన్న సంచి (బీన్‌బ్యాగ్) వేసి, దాని మీద కెమెరా ఆనించి, ఇంజిన్ ఆపేసి కూర్చుంటే చాలా దూరంలో ఉన్న చీతా కంటి రెప్ప కూడా దొరుకుతుంది. అడ్డంకి ఎండ. పొద్దెక్కేకొద్దీ నేల నుంచి వేడి లేచి గాలి అలల్లా ఆడుతుంది, దూరపు షాట్ అంతా చెదిరిపోతుంది. అందుకే తెల్లవారుజామున రెండు మూడు గంటలు, సాయంత్రం రెండు గంటలు. మధ్యలో చేసేది ఎదురుచూడటమే. దగ్గరికి వెళ్తే ఈ ఎదురుచూపు తప్పుతుందని ఎవరికైనా అనిపిస్తుంది. తప్పుతుంది కూడా. దాని ఖర్చు చీతా భరిస్తుంది.

కెన్యాలోని మసాయి మారాలో అది నా కళ్లతో చూశాను. ఒక తల్లి చీతా, మెడ మీద బూడిదరంగు జూలు ఇంకా పోని పిల్లలతో చెదపుట్ట ఎక్కి కూర్చుంది. చీతాలు వేటాడేది ఎక్కువగా పగలే. చుట్టూ చూడ్డానికి వాటికి చెదపుట్టే మేడ. దూరంగా గజెల్ అనే జింకల గుంపు ఒకటి ఉంది. తల్లి తల వంచి, భుజాలు దించి, గడ్డిలోకి ఒక్కో అడుగే వేస్తూ దిగింది. మేం దూరంగా ఉన్నాం. ఇంతలో ఎవరో రేడియోలో చెప్పారు. ఒక్కో టూరిస్టు బండీ వచ్చింది. ఒకే జంతువు దగ్గర 5 బండ్లకు మించి ఉండకూడదన్న నియమం ఉంది, అక్కడికి అంతకన్నా చాలా ఎక్కువే చేరాయి. చీతాకూ గజెల్స్‌కూ మధ్య ఒక బండి ఆగింది. అందులోంచి పెద్ద పెద్ద కెమెరాలు బయటికి వచ్చాయి. గజెల్స్ తలెత్తి చూసి దూరంగా వెళ్లిపోయాయి. తల్లి లేచి నిలబడి, బండ్ల సందుల్లోంచి పిల్లల వైపు చూసి చిన్నగా పిలిచింది. చీతా గర్జించదు, పిట్ట కూసినట్టు సన్నగా అరుస్తుంది. పిల్లలకు ఆ పిలుపు వినిపించిందో లేదో, ఒక పిల్ల బండి చక్రం కిందికి దూరింది. మా డ్రైవర్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. ఆ పిల్లకేమీ కాలేదు, కానీ ఆ పూట వాటికి తిండి దొరకలేదు. ఆ బండ్లలో తీసిన ఫోటోల్లో చక్రం కనిపించదు, గజెల్స్ వెళ్లిపోవడం కనిపించదు. ఠీవిగా నిలబడిన చీతా ముఖం మాత్రం చాలా క్లోజప్‌లో, చాలా అందంగా వచ్చి ఉంటుంది.

ఒక్క పూట తిండి పోతే ఏమైంది అంటారేమో. మసాయి మారాలో చీతాల మీద చేసిన ఒక పరిశోధన 2018లో వెలువడింది. టూరిస్టుల రద్దీ తక్కువగా ఉన్న చోట ఒక్కో తల్లి ఒక్కో కాన్పులో సగటున 2.3 పిల్లల్ని పెంచి పెద్ద చేస్తోంది. రద్దీ ఎక్కువ ఉన్న చోట ఆ సగటు 0.2. ఇక్కడ ఎవరూ తుపాకీ పేల్చలేదు, ఉచ్చు పెట్టలేదు. అందరూ చీతాలంటే ఇష్టం ఉన్నవాళ్లే. ఈ రెండు అంకెలూ తెలిసిన దగ్గరి నుంచి, మరీ దగ్గరగా తీసిన చీతా పిల్లల ఫోటో ఎక్కడ కనిపించినా ముందు నా చూపు లెన్సు వివరం కోసం వెతుకుతుంది. వివరం ఉండదు.

నీళ్లలో పరిస్థితి పూర్తిగా వేరు. బయటివాళ్లకు తెలియని సంగతి ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి.

నీటి అడుగున దూరపు లెన్సు పని చెయ్యదు. ఎంత తేటనీరైనా అందులో తేలే నలుసులు, సూక్ష్మజీవులు వెలుగును చెదరగొడతాయి. కొద్ది మీటర్లు దాటితే బొమ్మ మసకబారుతుంది. పైగా నీళ్లు రంగుల్ని మింగేస్తాయి. ముందు పోయేది ఎరుపు. 10 మీటర్లు దిగేసరికి అది దాదాపు కనిపించదు. ఇంకా లోతుకు వెళ్తే వేలికి గాయమైనా కారే రక్తం ఆకుపచ్చగా కనిపిస్తుంది. పగడాల అసలు రంగు రావాలంటే మన లైట్లు మనమే మోసుకెళ్లాలి, ఆ లైటు వెలుగు చేరేది కొద్ది దూరమే. కాబట్టి దగ్గర నుంచే విశాలంగా చూపే వైడ్ లెన్సు పెట్టుకుని, జీవికి మీటరు లోపలే ఉండాలి. ఇంకో దారి లేదు.

అంటే నేల మీద దూరం సమస్యను లెన్సు తీరుస్తుంది, నీళ్లలో ఆ జీవే తీర్చాలి. అది మనల్ని దగ్గరికి రానిస్తేనే షాట్. రానివ్వకపోతే రెండే దారులు. ఓపిక పట్టడం, లేదా బలవంతం చెయ్యడం.

ఇండోనేసియాలోని సులవేసి దీవి పక్కన లెంబె జలసంధి ఉంది. అడుగంతా నల్లటి బూడిద ఇసుక. చిన్న చిన్న వింత జీవులకు అది పుట్టినిల్లు. అక్కడ సీ ఫ్యాన్ అనే విసనకర్ర ఆకారపు పగడం మీద పిగ్మీ సముద్ర గుర్రం ఉంటుంది. మొత్తం కలిపి సుమారు 2 సెంటీమీటర్లే ఉంటుంది. దాని ఒంటి మీద గులాబీరంగు బుడిపెలుంటాయి, ఆ పగడం మొగ్గలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. 1969లో న్యూ కాలిడోనియాలో ఒక శాస్త్రవేత్త పగడాన్ని సేకరించి పరీక్షిస్తుంటే, దాని మీద ఇది కనబడింది. అప్పటిదాకా ఇలాంటి జీవి ఒకటుందని శాస్త్ర ప్రపంచానికి తెలియదు. పెద్దదయ్యాక అది బతుకంతా దాదాపు ఒకే పగడం మీద గడిపేస్తుంది. తోకను కొమ్మకు చుట్టుకుని, అక్కడే తిని, అక్కడే జతకట్టి, అక్కడే కంటుంది. కనేది మగది.

వెలుగు పడగానే అది ముఖం అవతలికి తిప్పేసుకుంటుంది. దానికి కనురెప్పలు లేవు, కళ్లు మూసుకోలేదు. తిరగడం ఒక్కటే దానికి చేతనయింది. మేం వెళ్లేసరికి నా ముందు కొందరు డైవర్లు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకాయన చేతిలో సన్నటి లోహపు కడ్డీ ఉంది. ఇసుకలో ఆనుకుని నిలదొక్కుకోవడానికని దాన్ని వాడతారు. ఆయన దాని కొసతో సముద్ర గుర్రాన్ని మెల్లగా తోసి ముఖం కెమెరా వైపు తిప్పాడు. ఫ్లాష్ వెలిగింది. అది మళ్లీ తిరిగింది. ఆయన మళ్లీ తోశాడు. వరసగా అందరికీ ముఖం దొరికేదాకా ఇది సాగింది. నీళ్లలో అరవలేం. చెయ్యి అడ్డంగా ఊపి వద్దని సైగ చేశాను. ఆయన నాకు ఓకే సైగ చేసి తన పని తాను చేసుకున్నాడు.

వాళ్లు పైకి వెళ్లాక నేను లైటు బాగా తగ్గించి, పక్కకు పెట్టి, కదలకుండా ఉన్నాను. తాకిడికి ముడుచుకుపోయిన పగడం మొగ్గలు ఒక్కొక్కటిగా విచ్చుకోవడం మొదలైంది. పగడం మొత్తం తెరుచుకున్నాక, సముద్ర గుర్రం తోక పట్టు ఒక చోట వదిలి, ఇంకో కొమ్మకు చుట్టుకుంది. తల తిప్పింది. దాని ముక్కు పొట్టిగా ఉంటుంది. కంటికి ఆనని రొయ్యపిల్లలాంటిదేదో ముందుకొచ్చింది, తల చటుక్కున ఆడింది, అది లోపలికి పోయింది. ఆ తలాడింపు రెప్పపాటులో అయిపోయింది. తర్వాత స్లో మోషన్‌లో చూస్తేనే తెలిసింది. నా గాలి అయిపోవచ్చింది, అంత లోతులో ఎక్కువసేపు ఉండటం ఎలాగూ కుదరదు, మెల్లగా పైకి వచ్చేశాను. కడ్డీతో తోసినవాళ్లకు సముద్ర గుర్రం ముఖం దొరికింది. అది తిండి తినడం వాళ్లెవరికీ దొరకలేదు.

ఫ్లాష్ వల్ల చేపలకు కళ్లు పోతాయని చాలామంది భయపడతారు. ఇలాంటి చిన్న చేపల మీద 2019లో వచ్చిన ఒక అధ్యయనం వేరే మాట చెప్పింది. డైవర్ దగ్గర ఉండటం కన్నా ఫ్లాష్ వల్ల అదనంగా పెద్ద తేడా రాలేదు. చేత్తో, కడ్డీతో కదిలించినప్పుడే అవి బాగా బెదిరాయి. అంటే ‘ఫ్లాష్ వాడలేదు’ అని గొప్పగా రాసుకున్నంత మాత్రాన సరిపోదు, ‘తాకలేదు’ అని రాయగలగాలి.

నీళ్లలో ఓపికకు కొన్ని సాధనాలూ ఉన్నాయి. మామూలు స్కూబాలో ఊపిరి వదిలిన ప్రతిసారీ బుడగలు గలగలమని పైకి పోతాయి. సుత్తి ఆకారపు తల ఉండే హ్యామర్‌హెడ్ సొరలు ఆ చప్పుడుకే తప్పుకుంటాయి. రీబ్రీదర్ అనే పరికరంలో వదిలిన గాలి బయటికి పోదు. అందులోని సోడా లైమ్ అనే రసాయనం కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చేస్తుంది, తగ్గిన ఆక్సిజన్ మళ్లీ కలుస్తుంది, అదే గాలి తిరిగి మనకొస్తుంది. బుడగ లేదు, చప్పుడు లేదు. కోస్టారికా తీరానికి 500 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న కోకోస్ దీవి దగ్గర ఒక బండ వెనక అలా ఆనుకుని ఉన్నప్పుడు, పైనుంచి పోతున్న సొరల గుంపులోంచి ఒకటి విడివడి నా ముందుకే దిగింది. పసుపుపచ్చటి బార్బర్ చేపలు వెళ్లి దాని ఒంటి మీది పరాన్నజీవుల్ని తినడం మొదలుపెట్టాయి. అంత పెద్ద సొర ఒళ్లు అప్పగించి నెమ్మదిగా పోతుంటే, మొప్పల దగ్గరి గాట్లు కూడా కనిపించేంత దగ్గరగా తీశాను. ఈ పరికరంతో టెన్షన్ లేకపోలేదు. ఆక్సిజన్ పాలు తప్పితే ప్రాణానికే ముప్పు, అందుకే మీటర్ మీద కన్ను పెట్టుకునే షూట్ చెయ్యాలి. అయినా ఆ రిస్క్ మనదే, సొరది కాదు. నాకు అలాగే ఉండాలనిపిస్తుంది.

ఎర వేయడం ఇంకో పెద్ద కథ. ఉత్తర అమెరికాలో చలికాలం ధ్రువప్రాంతం నుంచి తెల్ల గుడ్లగూబలు దిగివస్తాయి. పెట్ షాపులో బతికున్న ఎలుకలు కొని మంచు మీద వదిలి, గుడ్లగూబ రెక్కలు చాపి సరిగ్గా కెమెరా మీదికి దూకేటట్టు చేస్తారు కొందరు. మనుషులు కనిపిస్తే తిండి దొరుకుతుందని ఆ పక్షి నేర్చుకుంటుంది, రోడ్ల దగ్గరికి వస్తుంది, బండ్ల కింద పడే ప్రమాదం పెరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని ఓస్లోబ్ దగ్గర తిమింగల సొరలకు పడవల మీంచి రొయ్యపొట్టు లాంటి చిన్న రొయ్యల్ని వేస్తారు. సముద్రాలు తిరగాల్సిన జీవులు కొన్ని అక్కడే నెలల తరబడి ఉండిపోతున్నాయి, పడవల్ని చూస్తే ఎదురొస్తున్నాయి, ఒంటి మీద గాట్లు పడుతున్నాయి. ఆ పడవల వాళ్లు ఒకప్పుడు చేపలు పట్టుకుని బతికినవాళ్లు, ఈ రాబడితో వాళ్ల ఇళ్లు నిలబడ్డాయి. వాళ్లను తిట్టడం నాకు చేతకాదు. కానీ అక్కడ తీసిన ఫోటో కింద ‘సముద్రంలో అనుకోని చుట్టం’ అని రాస్తే అది అబద్ధం. మేత వేసి తీసింది అని రాస్తే నిజం. పాఠకులు ఆ తర్వాత ఏమనుకుంటారో వాళ్ల ఇష్టం.

మా రంగంలో కల్పించి చూపించేవి అసలే ఉండవని నేను చెప్పడం లేదు. ఎంతో దూరం నుంచి తీసిన ఎలుగుబంటి అడుగుల చప్పుడు మైకుకు అందదు, తర్వాత స్టూడియోలో కలుపుతారు. మంచులో నడక చప్పుడుకు సంచిలో మొక్కజొన్న పిండి నొక్కుతారు. దీనివల్ల ఏ జంతువుకూ హాని లేదు కాబట్టి నాకు అభ్యంతరం లేదు. ధ్రువపు ఎలుగుబంటి మంచు గుహలో ఈనే దృశ్యాన్ని ఒక పేరున్న బ్రిటిష్ సిరీస్ జూలో తీసిందని 2011లో పెద్ద గొడవైంది. నన్నడిగితే జూలో తియ్యడమే సరైన పని. నిజమైన గుహలో కెమెరా పెడితే తల్లి పిల్లల్ని వదిలేసి పోవచ్చు. లోపం జూలో తియ్యడంలో లేదు. ఆ సంగతి కార్యక్రమంలోనే చెప్పి ఉంటే ఏ గొడవా ఉండేది కాదు.

చెప్పకపోవడం వల్ల అబద్ధం ఎంతకాలం బతుకుతుందో చూడండి. లెమ్మింగ్ అనే ఎలుకజాతి జీవులు గుంపుగా సముద్రంలో దూకి ఆత్మహత్య చేసుకుంటాయని మీలో చాలామంది వినే ఉంటారు. 1958లో వచ్చిన ఒక హాలీవుడ్ డాక్యుమెంటరీ అలా చూపించింది, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. ఆ దృశ్యం తీసింది కెనడాలోని అల్బర్టాలో. అక్కడ సముద్రమే లేదు. లెమ్మింగ్‌లను వేరే చోటి నుంచి కొని తెచ్చి, తిరిగే బల్ల మీద పరుగెత్తించి, ఒడ్డు మీంచి నదిలోకి తోశారు. 1980లలో కెనడా టీవీ పరిశోధనలో ఈ విషయం బయటపడింది. ఇప్పటికీ ఆత్మహత్య కథే చెలామణిలో ఉంది. ఇక లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ల ఫోటో పోటీలో 2018లో ఒక బహుమతి వెనక్కి తీసుకున్నారు. రాత్రిపూట మెరిసే చెదపుట్ట దగ్గరికి వచ్చిన చీమలు తినే జంతువు ఫోటో అది. ఆ జంతువు చర్మంలో గడ్డి కూరిన బొమ్మ అని నిపుణులు తేల్చారు. అంత అనుభవం ఉన్న జడ్జీలకే మొదట తెలియలేదు. మామూలు పాఠకులకు ఎలా తెలుస్తుంది?

పద్ధతిగా పని చెయ్యడానికి కావలసిన నియమాలు చాలా చోట్ల ఉన్నాయి. గలాపగోస్ దీవుల్లో జంతువులకు 2 మీటర్ల దూరం, ఫ్లాష్ నిషేధం. అంటార్కిటికాలో పెంగ్విన్లకు 5 మీటర్లు. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో 2025 నుంచి ధ్రువపు ఎలుగుబంట్లకు 300 మీటర్లు, మార్చి నుంచి జూన్ దాకా 500 మీటర్లు. అప్పుడు మంచు మీద పిల్లలతో తిరుగుతుంటాయి, సీళ్లను ఎక్కువగా వేటాడుకునేదీ అప్పుడే. కొండ గొరిల్లాల దగ్గర మాస్కు పెట్టుకోవాలి, 10 మీటర్లు దూరం ఉండాలి, గంటే సమయం. మన జలుబు వాటికి ప్రాణాంతకం కావచ్చు. వాటి సంఖ్య వెయ్యి దాటిందన్న లెక్క 2018లో వచ్చిందంటే ఇలాంటి కట్టుబాట్లు కూడా అందులో ఒక కారణం. కోస్టారికాలోని టోర్టుగేరోలో రాత్రి తాబేళ్లు గుడ్లు పెట్టడం చూడ్డానికి వెళ్లే టూరిస్టులు కెమెరా, ఫోను బయటికి తియ్యకూడదు. వెలుగు పడితే తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి వెళ్లిపోవచ్చు. ఈ దూరాలు మీ డెస్కులో పనిచేసేవాళ్లకు తెలిస్తే చాలు, ఏ ఫోటోను అనుమానించాలో సగం అర్థమైపోతుంది. స్వాల్‌బార్డ్‌లో ఎలుగుబంటి కళ్లలో కళ్లు పెట్టి చూస్తున్నట్టున్న ఫోటో మొబైల్‌తో తీసిందని ఎవరైనా గర్వంగా పంపితే, అది ప్రశంసించాల్సిన ఫోటో కాదు.

ఇదంతా వెతికే తీరిక పత్రికకు ఎక్కడిది అని మీరు అనవచ్చు. మీరేమీ వెతకనక్కర్లేదు. ఫోటో పంపినవాళ్లనే అడగండి. లెన్సు, తేదీ, సమయం ఫోటో ఫైలులోనే ఉంటాయి. పేరున్న పోటీలు ఎంపికైన ఫోటోలకు రా ఫైలు (కెమెరాలో పడ్డ, ఏ మార్పూ చెయ్యని అసలు ఫైలు) అడుగుతాయి, మీరు కూడా అడగవచ్చు. నిజాయితీగా తీసినవాళ్లు సంతోషంగా చెప్తారు. చెట్టు మీద మంచె కట్టుకుని, రోజుల తరబడి కూర్చుని తీసినవాళ్లకు ఆ మాట అచ్చులో కనబడటం కన్నా ఆనందం ఉండదు. చెప్పడానికి ఇష్టపడనివాళ్ల ఫోటో వేయకపోతే మీ పేజీకి లోటేమీ రాదు.

ఒక్క జాగ్రత్త మాత్రం. ఎలా తీశారో రాయండి, సరిగ్గా ఎక్కడ తీశారో రాయకండి. ఖడ్గమృగాలు, అరుదైన పక్షుల గూళ్లు, పిల్లలున్న గుహలు వీటి చోటు బయటపెడితే వేటగాళ్లకు దారి చూపినట్టే. జనం ఎగబడినా ప్రమాదమే. దేశం పేరో, పెద్ద పార్కు పేరో చాలు. ఫోన్లతో తీసినవాళ్లు పంపే ఫైళ్లలో మ్యాపు గుర్తులు ఉంటాయి, వెబ్‌సైట్‌లో పెట్టేముందు అవి తీసేయించండి.

ఈ మధ్య చాలామంది కుర్రాళ్లు, అమ్మాయిలు నాకు మెసేజ్ పెడుతున్నారు. ‘మేడమ్, ఏ కెమెరా కొనాలి, ఏ లెన్సు కొనాలి’ అని. దగ్గరగా తీసిన ఫోటోకు ఎక్కువ లైకులొస్తాయని, పత్రికలో చోటు దొరుకుతుందని వాళ్లకు తెలుసు. వాళ్లు నేర్చుకునేది మీరు వేసే ఫోటోల నుంచే. దూరంలో చిన్నదిగా, గడ్డిలో సగం మునిగి, చుట్టూ తన నేల మొత్తం కనబడుతూ ఉన్న జంతువు ఫోటోను మీరు ఒక్కసారి పేజీకి అడ్డంగా పెద్దది చేసి వేసి చూడండి. కింద ‘జంతువును కదిలించలేదు, ఎర వేయలేదు’ అని రాయండి. మరుసటి వారం మీకొచ్చే ఫోటోల్లోనే తేడా కనబడుతుందని నా నమ్మకం.

ఈ నెలాఖరుకు నేను మళ్లీ సముద్రం మీదికి వెళ్తున్నాను, కొన్ని వారాలు అందుబాటులో ఉండను. ఆలోపు మీ డెస్కు వాళ్లకు ఫోటోలు ఎలా పరిశీలించాలో కూర్చుని చూపించమంటే చూపిస్తాను, దానికి డబ్బేమీ అక్కర్లేదు. ఫోటోలు పంపేవాళ్లను అడగాల్సిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసి ఈ ఉత్తరంతో పాటే పంపుతున్నాను. వచ్చే ఆదివారం పేజీకి ఫోటోలు ఎంచుకునేటప్పుడు దాన్ని పక్కన పెట్టుకోండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ఒక వైల్డ్‌లైఫ్ సినిమాటోగ్రాఫర్